ఐదొందలకు ఎన్ని లీటర్లు?

మాటామంతీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు
విశాఖపట్నం, ఏప్రిల్ 2022

జవాబుల్లోకి వెళ్లే ముందు మా ఇంటి కబుర్లు రెండు. మీ ఉత్తరాల్లో సగం "మీరెలా ఉన్నారు, అమ్మగారు ఎలా ఉన్నారు" అనే మొదలవుతున్నాయి. జవాబు చెప్పకపోతే బాగుండదు.

అమ్మ బాగుంది. ఉగాదికి చోడవరం వెళ్లి తమ్ముడింట్లో రెండు రోజులున్నాం. మేం తిరిగొచ్చిన మర్నాడే, అంటే 4వ తేదీన, కొత్త జిల్లాలు వచ్చేశాయి. "పుట్టిన దగ్గర్నుంచీ విశాఖ జిల్లా మనిషినే. ఇప్పుడు నాది అనకాపల్లి జిల్లా అంట, నీది వేరే జిల్లా అంట" అంది అమ్మ, చోడవరం నుంచి ఫోన్లో. ఉన్న ఊరు కదలకుండానే కూతురు దూరమైనట్టు అనిపించింది కాబోలు, గొంతు కొంచెం వణికింది. వచ్చే నెల 3న సింహాచలం చందనోత్సవానికి తీసుకొస్తానని మాటిచ్చాను.

15వ తేదీ నుంచి సముద్రంలో వేట నిషేధం కదా. రెండు రోజుల ముందే ఫిషింగ్ హార్బరుకి వెళ్లాను. వంజరం ధర అడిగి ఊరుకున్నాను. కవళ్లు కొన్నాను. బేరం ఆడబోతే చేపలమ్మే ఆవిడ కత్తి పక్కన పెట్టి, "డీజిల్ ఎంతయిందో తెలుసా అమ్మా? బోటు నీళ్లమీద ఊరికే పోదు" అంది. ఇంక బేరమాడలేదు. నిమ్మకాయ ఒక్కోటి పది రూపాయలంటున్నారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ముట్టుకోవాలంటేనే టెన్షన్. మా మురళీనగర్ వీధిలోకి బండి మీద కూరలు తెచ్చే అతను తోటకూర కట్ట సన్నం చేశాడు. ధర పెంచలేదు, కట్ట సన్నబడింది. పెంచమని నేనే చెప్పాను.

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు పెట్రోల్ చుట్టూనే తిరిగాయి. అందుకని మిగతావి వచ్చే వారానికి పెట్టి, ఇవే తీసుకున్నాను.

● మేడమ్ గారూ, మాది మల్కాపురం. రిఫైనరీ గొట్టాలు మా డాబా మీంచి కనిపిస్తాయి. ఆ వాసన పీల్చుకుంటూ పెరిగాం. పెట్రోల్ ఇక్కడే తయారవుతుంటే ఇక్కడ 120 రూపాయలేంటి? ఢిల్లీలో 105 అంట. ఇదేం న్యాయం?
 ఒక డిగ్రీ విద్యార్థి

బాబూ, నేనూ మల్కాపురం పిల్లనే. మా నాన్న ఆ రిఫైనరీలో ఫిట్టరు. 1957లో కాల్టెక్స్ వాళ్లు మొదలుపెట్టారు. 1976లో ప్రభుత్వం తీసుకుంది, తర్వాత హెచ్.పి.సి.ఎల్.లో, అంటే హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. పేరు మారి ఇన్నేళ్లయినా అక్కడి పెద్దవాళ్లు "కాల్టెక్స్‌లో చేసేవాణ్ని" అనే అంటారు. నాన్న నైట్ షిఫ్ట్ దిగి వస్తే చొక్కా ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోయేది కాదు. నువ్వడిగిన ప్రశ్నే నేను చిన్నప్పుడు ఆయన్ని అడిగాను. "మనది వంటిల్లే తల్లీ, బియ్యం మనవి కాదు" అన్నారు.

ఆ మాట ఇప్పటికీ సరిపోతుంది. మన దేశం వాడే ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటినుంచి వస్తోంది. పీపా అంటే సుమారు 159 లీటర్లు, దాని ధర డాలర్లలో ఉంటుంది. ఇక రిఫైనరీ నుంచి బయటికొచ్చే పెట్రోల్ ధరను ఇక్కడ శుద్ధి చేయడానికి ఎంత ఖర్చయిందో చూసి కట్టరు. అదే సరుకు విదేశీ మార్కెట్లో ఎంత పలుకుతోందో చూసి కడతారు. కాబట్టి రిఫైనరీ పక్కన ఉన్నందుకు మనకు కలిసొచ్చేది ట్యాంకరు కిరాయి ఒక్కటే. గుంటూరులో మనకంటే రూపాయి పైచిలుకు ఎక్కువుంది చూడు. దగ్గరితనం విలువ అంతే.

ఇంక పన్నుల సంగతి. లీటరు మీద కేంద్రం 27 రూపాయల 90 పైసలు ఎక్సైజ్ సుంకం తీసుకుంటోంది. కిందటి నవంబరులో ఐదు రూపాయలు తగ్గించాక ఉన్న లెక్క ఇది. దాని పైన మన రాష్ట్రం 31 శాతం వ్యాట్ (అమ్మకం పన్ను), లీటరుకి మరో నాలుగు రూపాయలు, రోడ్ల పేరుతో ఒక రూపాయి తీసుకుంటోంది. 120లో రాష్ట్రం వాటా 30 దాటుతుంది. రెండు ప్రభుత్వాలవీ కలిపితే దాదాపు సగం ధర పన్నులే.

ఇందులో చాలామంది గమనించనిది ఒకటుంది. మార్చి 22 నుంచి ఏప్రిల్ 6 వరకు పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెంచారు. ఢిల్లీలో మొత్తం పెరిగింది సరిగ్గా పది రూపాయలు. మన ఊళ్లో దాదాపు పదకొండు. పెంచింది అవే కంపెనీలు, పెంచిన రోజులూ అవే. మరి ఆ రూపాయి ఎక్కడిది? శాతాల్లో ఉన్న పన్నుది, మన శాతం ఢిల్లీ కంటే ఎక్కువ. అసలు ధర పెరిగితే పన్ను కూడా దానంతటదే పెరుగుతుంది, ఏ అసెంబ్లీలోనూ ఎవరూ చెయ్యి ఎత్తక్కర్లేదు. నన్నడిగితే రాష్ట్రం ఈ 31 శాతాన్ని తీసేసి లీటరుకి ఇన్ని రూపాయలని ఒక అంకె పెట్టాలి. అప్పుడు యుద్ధం ఎక్కడ జరిగినా కనీసం పన్ను అక్కడే నిలబడుతుంది. నవంబరులో కేంద్రం తగ్గించినప్పుడు కర్ణాటక, ఒడిశా కూడా తమ వ్యాట్ కొంత తగ్గించాయి. మనవాళ్లు తగ్గించలేదు. కాకినాడలో ఉండే మా బావగారు పని మీద యానాం వెళ్తే ట్యాంకు నింపుకుని వస్తారు. పుదుచ్చేరి పన్ను కాబట్టి అక్కడ లీటరుకి పది రూపాయలకు పైగానే తక్కువ.

జి.ఎస్.టి.లో పెడితే పోదా అని నీ ఉత్తరం చివర్లో రాశావు. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడే పెట్రోల్‌ని, డీజిల్‌ని బయట ఉంచారు. ఇంత ఆదాయం వచ్చేదాన్ని కేంద్రమూ వదులుకోదు, రాష్ట్రాలూ వదులుకోవు.

ఇంకో సంగతి, నీకు తెలియకపోవచ్చు. రోజూ ధర మార్చే పద్ధతిని దేశమంతా పెట్టకముందు 2017 మే 1న ఐదు ఊళ్లలో పరీక్షగా పెట్టారు. వాటిలో మన వైజాగ్ ఒకటి. అంతకుముందు పదిహేను రోజులకోసారి, 1న, 16న మారేది. ఆ నెలన్నర మేము పొద్దున్నే బంకు బోర్డు చూసుకుంటూ తిరిగాం. రోజూ మార్చే విధానమని పేరు, కానీ ఐదు రాష్ట్రాల ఎన్నికలు అయ్యేదాకా 137 రోజులు పైసా కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా మీద పడింది. రోజూ పది పైసలు పెరిగితే మనిషి సర్దుకుంటాడు. రెండు వారాల్లో పదకొండు రూపాయలంటే జీతగాడు ఎక్కడ సర్దుకుంటాడు? నా కోపం అక్కడే.

● పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే పెట్రోల్ ఎక్కువ వస్తుందా? వందకు బదులు నూట పది రూపాయలకు కొట్టించమంటున్నారు, నిజమేనా?
 విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార

రెండూ నిజం కాదండి. బంకులో ట్యాంకులు నేల లోపల ఉంటాయి, అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడిలో పెద్ద తేడా ఉండదు. నూట పది అన్నా వంద అన్నా మీటరు ఒకేలా తిరుగుతుంది. అనుమానం వస్తే మీకో హక్కుంది. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలత పాత్ర ఉండాలి. "ఐదు లీటర్లు కొట్టి చూపించండి" అని అడగొచ్చు. 25 మిల్లీలీటర్ల వరకు అటూఇటూ ఉంటే పరవాలేదు, అంతకు మించితే ఫిర్యాదు చేయండి. కొట్టించే ముందు మీటరు మీద సున్నా చూసుకోవడం మాత్రం మరవకండి. గాలి కూడా బంకులో ఉచితమే. టైర్లలో గాలి తగ్గితే బండి తాగే పెట్రోల్ పెరుగుతుంది. మీ పాత స్కూటరుకి అన్నిటికంటే ముందు చేయాల్సింది అదే.

● అక్కా, పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్లే ఆటో అతను నెలకి 1,000 నుంచి 1,300 చేశాడు. నేను లెక్కేశాను. డీజిల్ పెరిగింది పది రూపాయలు. ఆటోలో ఆరుగురు పిల్లలు. ఒక్కొక్కరికి మూడొందలు పెంచడం దోపిడీ కాదా? ఇద్దరు పిల్లలు, మాకు ఆరొందలు.
 గృహిణి, మధురవాడ

చెల్లీ, నీ లెక్కని నేనూ కాగితం మీద వేశాను. రోజుకి తిప్పేది, ఖాళీగా తిరిగేది కలిపి 45 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకి 30 ఇస్తుందనుకుంటే లీటరున్నర. దానికి పెరిగింది రోజుకి పదహారు రూపాయలు, నెలకి దాదాపు 380. ఆరుగురికి పంచితే తలకి 63. ఇంతవరకు నీ మాటే నెగ్గింది.

కానీ ఒక్కటి అడుగుతాను. ఆ వెయ్యి రూపాయలు ఎప్పుడు మాట్లాడుకున్నారు? నీ ఉత్తరంలోనే ఉంది, "పెద్దవాణ్ణి బళ్లో వేసినప్పుడు" అని. అంటే కరోనాకి ముందు, 2020 మొదట్లో. అప్పుడు మన ఊళ్లో డీజిల్ 80 కూడా లేదు. ఇప్పుడు 105 దాటింది. అంటే అతని మీద పడింది పది కాదు, పాతిక పైమాటే. ఆ లెక్కన డీజిల్‌కే నెలకి తలకి 150 అవుతుంది. టైరు, ఇంజనాయిల్, ఇన్సూరెన్స్ వేరే. మధ్యలో కరోనాకి బడులు మూసేసిన నెలల్లో అతనికి ఎవరిచ్చారు? నువ్వు ఇచ్చి ఉంటే నీకు నమస్కారం. చాలామందిమి ఇవ్వలేదు.

మనం పెరిగిన ధరని కిందటి నెలతో పోల్చి చూస్తాం. అతను మాత్రం రెండేళ్లుగా మోస్తున్నాడు. అందుకే ఇద్దరికీ లెక్క కుదరదు. నా ఉద్దేశంలో 1,200 న్యాయం. ఇద్దరు పిల్లలు కాబట్టి రెండోవాడికి కొంచెం తగ్గించమని అడుగు, తప్పేం లేదు. మీ ఆయన్ని పంపకు, నువ్వే మాట్లాడు. రోజూ పిల్లల బ్యాగులు అందించేది నువ్వు, అందుకునేది అతను. గేటు దగ్గర నిలబెట్టి కాదు, ఒంటిపూట బడి కదా, పిల్లల్ని దించాక లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చి మాట్లాడు. ఇంకో రెండేళ్లు ఊరుకోకుండా ఏడాదికోసారి కూర్చుని మాట్లాడుకుందామని కూడా చెప్పు.

● మేడమ్, నేను కంచరపాలెం నుంచి రుషికొండ ఐ.టి. హిల్‌కి స్కూటీ మీద వెళ్తాను. ఈ నెల నుంచే మళ్లీ ఆఫీసుకి రమ్మన్నారు. మా పక్కవీధి అమ్మాయి, నా స్నేహితురాలు, రోజూ నా బండి మీదే వస్తుంది. కరోనాకి ముందు కూడా అంతే. ఒక్కసారి కూడా పెట్రోల్‌కి డబ్బులు ఇవ్వలేదు. నా జీతంలో సగం ఇంటికే ఇస్తాను. ఆమెని అడిగితే చిన్నబుచ్చుకుంటుందేమో. అడక్కపోతే రోజూ లోపల లోపల కోపం వస్తోంది. నిన్న ఆమె టిఫిన్ బాక్సులోంచి ఇచ్చిన పులిహోర కూడా తినాలనిపించలేదు.
 పేరు వద్దు

అమ్మాయీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ పులిహోర మాట దగ్గర ఆగిపోయాను.

నేను జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పిన రోజుల్లో మూడేళ్లు ఒక సహోద్యోగి బండి వెనకే వెళ్లాను. ఎన్.ఎ.డి. జంక్షన్‌లో ఎక్కేదాన్ని. ఎప్పుడూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. లోభం కాదు, ఆ ఆలోచనే రాలేదు. ఆమె ఎలాగూ అటే వెళ్తోంది కదా అనుకున్నాను. ఆమె బదిలీ అయి వెళ్లిపోయాక, నా సొంత బండికి మొదటి నెల పెట్రోల్ లెక్క రాసుకున్న రోజున తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత ఉత్తరం రాసి క్షమించమన్నాను. ఆమె "నువ్వు అలాంటిదానివి కాదని తెలుసు, అందుకే అడగలేకపోయాను" అని రాసింది. మూడేళ్లు ఆమె లోపల ఎంత మోసిందో ఆ ఒక్క మాటలో తెలిసింది. నీ స్నేహితురాలు కూడా నాలాంటిదే అయి ఉంటుందని నా నమ్మకం. తెలియక ఇవ్వనివాళ్లే ఎక్కువ.

లెక్క నీ దగ్గర ఉండాలి, లేకపోతే అడిగేటప్పుడు గొంతు తడబడుతుంది. రానూపోనూ 32 కిలోమీటర్లు, ఐదు రోజులు, వారానికి 160. ఇద్దరు ఎక్కితే లీటరుకి 40 అనుకో. నాలుగు లీటర్లు. వారానికి 480 రూపాయలు. ఆమె సగం 240.

ఇప్పుడు అడిగే సందర్భం. బండి దిగుతూనో, బాక్సు తెరుస్తూనో అడగకు. ఒక శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి బంకుకి వెళ్లండి. మీటరు ఆమె కూడా చూస్తుంది. అక్కడే, "ఏమే, నాలుగు లీటర్లు కొట్టిస్తే మన వారం గడుస్తుంది. ఇక నుంచి ఒక వారం నువ్వు కొట్టించు, ఒక వారం నేను కొట్టిస్తాను" అను. డబ్బు చేతిలోంచి చేతిలోకి రానక్కర్లేదు, నెల చివర బాకీ ఉండదు. పాత రోజుల మాట ఎత్తకు. నువ్వు అడగలేదు కాబట్టి ఆమె బాకీ పడలేదు. ఇకముందు సంగతే మాట్లాడు.

ఒకవేళ ముఖం మాడ్చుకుందే అనుకో. రెండు రోజులు బస్సులో వెళ్తుంది. ఆర్టీసీ వాళ్లు 14 నుంచి డీజిల్ సెస్ పేరుతో సిటీ బస్సుల్లో రెండేసి రూపాయలు వేశారు. పొద్దున్న రద్దీలో నిలబడి, బస్సు మారి, మళ్లీ కొండెక్కి చూస్తే నీ బండి విలువ తెలుస్తుంది. అప్పటికీ రాకపోతే రానివ్వు. కానీ ఒకసారి నోరు తెరిచి అడగకుండా ఆ స్నేహాన్ని లోపలే చంపుకోకు. అలా పాడయిన స్నేహాలు నేను చూశాను.

● బ్యాటరీ స్కూటర్ కొనమంటారా?
 చిరుద్యోగి, గోపాలపట్నం

కొన్నాళ్లు ఆగండి. బ్యాటరీ బండ్లు తగలబడుతున్న వార్తలు ఈ మధ్య వరసగా వింటున్నాం. కారణాలు తేలనివ్వండి. ఈలోగా మీ అపార్టుమెంటులో కింద పార్కింగ్‌లో మీ మీటరుకి కలిపి ప్లగ్ పాయింట్ ఇస్తారో లేదో కనుక్కోండి. అది లేకపోతే మూడో అంతస్తు దాకా బ్యాటరీ మోసుకెళ్లాలి.

● అమ్మా, నా అక్షరాలు బాగోవు, మా పాపతో రాయిస్తున్నాను. మద్దిలపాలెం నుంచి హనుమంతవాక దాటి షేర్ ఆటో నడుపుతాను. పది రూపాయలు తీసుకునేవాణ్ని, పదిహేను చేశాను. రోజుకి నలుగురితో గొడవ. బస్సు వాడు పెంచితే నోరెత్తరు, నేను అడిగితే దొంగని చూసినట్టు చూస్తారు. నిన్న ఒకాయన పది రూపాయలు సీటు మీద విసిరేసి పోయాడు. మా పాప అప్పుడు ముందు సీట్లో ఉంది.
 ఆటో డ్రైవరు

బాబూ, పాప అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ముందు ఆ మాట ఆమెకి చెప్పు.

బస్సులో టికెట్ మీద ధర అచ్చేసి ఉంటుంది, కండక్టరు చేతిలో మిషను ఉంటుంది. జనం దాన్ని చూసి ఊరుకుంటారు. నీ దగ్గర నీ మాట తప్ప ఏమీ లేదు, అందుకే నీతో గొడవ పెట్టుకుంటున్నారు. ఒక అట్టముక్క తీసుకో. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంతో పాపతో పెద్ద అక్షరాలతో రాయించు. కింద "డీజిల్ లీటరు 105 రూపాయలు" అని కూడా రాయించు. ఎక్కేవాళ్ల కళ్ల ఎదుట, నీ సీటు వెనక కట్టు. ఎక్కకముందే చదువుకుంటారు, ఇష్టం లేనివాళ్లు ఎక్కరు. దిగాక జరిగే గొడవలు సగం తగ్గుతాయి. స్టాండులో మిగతావాళ్లతో కూడా మాట్లాడి అందరూ ఒకే ధర పెట్టండి. ఒకడు పది, ఒకడు పదిహేను అంటే జనం మిమ్మల్ని నమ్మరు. దగ్గర దూరానికి, రెండు స్టాపులే వెళ్లేవాళ్లకి, పదే ఉంచు. అక్కడా పదిహేను తీసుకుంటే మాత్రం వాళ్ల కోపంలో న్యాయముంది.

ఐదు రూపాయల బిళ్లలు ఒక డబ్బాలో పెట్టుకో. సగం తగువులు ధర గురించి కాదు, చిల్లర గురించి వస్తాయి.

ఆ పది విసిరేసిన పెద్దమనిషి గురించి పాపతో మాట్లాడావా? మాట్లాడు. పిల్లలు ఇలాంటివి చూసి పైకి అనరు, లోపల పెట్టుకుంటారు. డీజిల్ ఎంతో, రోజుకి ఎన్ని లీటర్లు పడుతుందో, సాయంత్రం చేతికి ఎంత మిగులుతుందో ఆమెకి లెక్క చెప్పు. బోర్డు రాసేది ఆమే కదా, ఆ లెక్క తెలిసి రాస్తుంది.

నేను వారానికి రెండుసార్లు ఆ దారిలో వస్తాను. మార్చి 21న మా బంకులో ఐదొందలకి 4.58 లీటర్లు వచ్చిందని, ఏప్రిల్ 7న 4.16 వచ్చిందని నా పుస్తకంలో రాసుకున్నాను. బంకు చీటీల మీద సిరా నాలుగు రోజులకే వెలిసిపోతోంది, అందుకని చేత్తో రాస్తాను. తగ్గిన ఆ కాస్త పెట్రోల్‌తో నా స్కూటరు సింహాచలం కొండ కిందికి వెళ్లి తిరిగొచ్చేది. అందుకే ఈ మధ్య దగ్గర పనులకి బండి తీయడం మానేసి ఆటోలే ఎక్కుతున్నాను. నీ బోర్డు కనిపిస్తే ఆపు. పదిహేనుకి చిల్లర తెచ్చుకుంటాను.